కాళ్లేమో నడవమంటాయి, ఒళ్లేమో వద్దంటుంది

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మాది సోంపేట దగ్గర ఒక పల్లె. నాకు 46 ఏళ్లు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. 2021 మే నెలలో కోవిడ్ వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ప్రాణం దక్కింది గానీ మళ్లీ పాత మనిషిని కాలేదు. పండగ ముందు రెండు రోజులు గట్టిగా కుట్టానంటే మూడో రోజుకి మంచం దిగలేను. ఏ జాకెట్టు ఎవరిదో మర్చిపోతున్నాను. ఇది చాలదన్నట్టు రాత్రయితే కాళ్లు. నొప్పి కాదండీ, తిమ్మిరీ కాదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎవరో పీకుతున్నట్టు ఉంటుంది. లేచి నడిస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. రెండింటి దాకా వరండాలో తిరుగుతూనే ఉంటాను. నా అవస్థ చూసి మా వాడు కుట్టు మిషన్‌కి మోటారు పెట్టించాడు. చిత్రమేమిటంటే అప్పట్నుంచి పగలు కూడా కాళ్లు ఆగట్లేదు.

మందుల షాపాయన, యూట్యూబ్, మా ఆడపడుచు చెప్పినవన్నీ వాడుతున్నాను. జింకు, విటమిన్ సి, వారానికోసారి విటమిన్ డి, బి కాంప్లెక్స్, మల్టీవిటమిన్, మెగ్నీషియం, అశ్వగంధ, తిప్పతీగ పొడి. నెలకి రెండు వేలు దాటుతోంది. ఐరన్ ఒక్కటే వాడట్లేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫెరిటిన్ 640 వచ్చింది, చాలా ఎక్కువ అన్నారు, అందుకని దాని జోలికి పోలేదు. హిమోగ్లోబిన్ మొన్న 10.4 ఉంది. నెలసరి ఈమధ్య బాగా ఎక్కువవుతోంది. గేస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటాను. నిద్రకని షాపులో ఇచ్చిన చిన్న మాత్ర కూడా. కాళ్లకీ నీరసానికీ కలిపి పనిచేసే మంచి సప్లిమెంట్ ఏదైనా ఉంటే చెప్పండి. ఇంట్లో అందరూ ఇది నా భ్రమ అంటున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీరు 'చిత్రం' అని రాసి వదిలేసిన మాటే. మోటారు పెట్టాక పగలు కూడా కాళ్లు ఆగడం లేదన్నారు చూడండి, అది. ఇన్నేళ్లూ పెడల్ తొక్కుతూ మీకు తెలియకుండానే కాళ్లకి మందు వేసుకున్నారు. మోటారు వచ్చింది, కాళ్లకి పని పోయింది, రాత్రికి రావాల్సిన బాధ మధ్యాహ్నానికే వచ్చి కూర్చుంది. మీ అబ్బాయి తప్పు లేదు, వాడు మీ అలసట చూశాడు. నిజానికి వాడి వల్లే నాకు మీ జబ్బు పోల్చుకోవడం తేలికైంది.

దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. దీన్ని పోల్చడానికి స్కానింగులేమీ లేవు, అడిగి తెలుసుకోవాల్సిందే. కాళ్లు కదపకపోతే ఉండలేనట్టు ఉంటుందా? కూర్చున్నా పడుకున్నా మొదలవుతుందా? కదిపితే తగ్గుతుందా? సాయంత్రం నుంచి రాత్రికి ఎక్కువవుతుందా? నాలుగింటికీ నేను అడక్కుండానే మీరు అవునన్నారు. పిక్క పట్టేయడం వేరు, అది రాయిలా బిగుసుకుని నొప్పి పెడుతుంది. షుగర్ వాళ్ల అరికాళ్ల మంటా వేరు, అది నడిచినంత మాత్రాన పోదు. మీ ఇంట్లో వాళ్లకి ఈ ఒక్క ముక్కా చదివి వినిపించండి. ఈ బాధని ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే రాసి పెట్టాడు. 1945లో స్వీడన్ డాక్టర్ ఎక్‌బోమ్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. మూడు వందల యాభై ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్న జబ్బు మీ భ్రమ ఎలా అవుతుంది?

మా అమ్మకి ఇదే ఉండేది. రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి కాళ్లు తొక్కించుకునేది. గోడ పట్టుకుని ఆవిడ పిక్కల మీద అటూ ఇటూ అడుగులు వేసేవాణ్ని. నిద్ర తూగుతూ నేను దిగిపోతే, పాత చీర అంచు చింపి పిక్కలకి బిగించి కట్టుకుని పడుకునేది. నేను డాక్టర్నయ్యాక కూడా ఆవిడకి ఇచ్చినవి కాల్షియం మాత్రలే. వాతం అనుకున్నాను. ఆరుగురు పిల్లల్ని కన్న మనిషి ఒంట్లో ఐరన్ ఎంత మిగిలిందో చూడాలని నాకు తట్టలేదు. అందుకే మీ ఉత్తరంలో 'ఐరన్ ఒక్కటే వాడట్లేదు' అన్న చోట కాసేపు ఆగిపోయాను.

ఆ 640 సంగతి తేలుద్దాం. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ దాచుకునే గాదె లాంటిది. మామూలు రోజుల్లో రక్తంలో ఫెరిటిన్ ఎంతుందో చూస్తే గాదెలో ఎంతుందో లెక్క తెలుస్తుంది. కానీ ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. సూక్ష్మజీవులకి ఐరన్ అందకుండా శరీరం దాన్ని లోపల పెట్టి తాళం వేస్తుంది, ఫెరిటిన్ అమాంతం పెరుగుతుంది. 2021లో ఆసుపత్రుల్లో సీఆర్పీ, డి-డైమర్ అనే రక్త పరీక్షల‌తో పాటు ఫెరిటిన్ కూడా చూసింది ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో తెలుసుకోవడానికే. ఐరన్ కొలవడానికి కాదు. ఆ నంబర్ చూసి ఇవాళ మీకు ఐరన్ ఎక్కువుందనుకోవడం, వరద రోజున వంశధార మీద గొట్టా బ్యారేజీ దగ్గర రాసిన నీటిమట్టం చూసి ఏప్రిల్లో పొలానికి నీళ్లున్నాయనుకోవడం లాంటిది. ఆ కాగితం దాచుకుంటే దాచుకోండి గానీ దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇవాళ మీ ఉత్తరం చెబుతున్న సంగతులు వేరు. హిమోగ్లోబిన్ 10.4. ఆడవాళ్లకి 12 ఉండాలి. నెలసరి ఎక్కువ. రోజూ గేస్ మాత్ర. మనం తినే కూరాకుల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, దాన్ని ఆ మాత్ర తగ్గించేస్తోంది. అంటే పై నుంచి వచ్చేది తగ్గింది, కింద నుంచి పోయేది పెరిగింది. ఇక గాదెలో ఏం మిగులుతుంది?

కాళ్లకీ ఐరన్‌కీ ఏమిటి సంబంధం అంటారేమో. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారవడానికి ఐరన్ కావాలి. కాళ్లు నిలకడగా ఉండడానికి ఆ డోపమిన్ సరిగా పనిచెయ్యాలి. ఈ జబ్బున్న వాళ్లలో రక్తంలో ఐరన్ చాలినంత ఉన్నట్టే కనిపించినా మెదడుకి చాలడం లేదని తేలింది. అందుకే వీళ్లకి లెక్క వేరు. ల్యాబ్ రిపోర్టులో ఫెరిటిన్ పది పదిహేను దాటితే చాలు, నార్మల్ అని అచ్చేస్తారు. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న పెద్దవాళ్లలో మాత్రం 75 నానోగ్రాములు, ఆలోపు ఉంటే ఐరన్ ఇవ్వాలన్నది ఇప్పుడు నిద్ర వైద్యులు పాటించే పద్ధతి. మీకు ఇరవయ్యో ముప్పయ్యో వచ్చి పక్కన నార్మల్ అని ఉంటే ల్యాబ్ అబ్బాయి మాట నమ్మి ఇంటికి వెళ్లిపోకండి.

లాంగ్ కోవిడ్‌కీ (కోవిడ్ తగ్గాక నెలల తరబడి వదలని బాధలకి పెట్టిన పేరు) దీనికీ చుట్టరికం కూడా ఉన్నట్టుంది. 2022లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలనలో, లాంగ్ కోవిడ్ ఉన్న ఆడవాళ్లలో నూటికి దాదాపు పదిహేను మందికి ఈ కాళ్ల లక్షణాలున్నాయి. కోవిడ్‌కి ముందు సంగతి అడిగితే అదే వాళ్లలో ఆరుగురికే ఉండేవి. ప్రశ్నలు పంపించి జవాబులు రాబట్టిన పరిశీలన కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోను. మీలాంటి వాళ్లని నేనూ చూస్తున్నాను కాబట్టి కొట్టిపారెయ్యనూ లేను.

ఇక మీ మందుల సంచీ కంటే ముందు ఒక మాట. మీది ఉద్దానం. ఆ ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలకపోయినా, పాడవుతున్నాయన్నది మీ వీధిలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బులో రెస్ట్‌లెస్ లెగ్స్ ఎక్కువగా వస్తుంది. నీరసమూ వస్తుంది, రక్తమూ తగ్గుతుంది. అంటే మీరు కోవిడ్ ఖాతాలో రాస్తున్నవన్నీ కిడ్నీ ఖాతాలోవి కావచ్చు. కోవిడ్ తర్వాత మూడు నెలలు దాటినా తగ్గని లక్షణాలకి లాంగ్ కోవిడ్ అని పేరు పెట్టాలంటే వేరే కారణం లేదని ముందు తేలాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నిర్వచనం కూడా అదే చెబుతుంది. మీ ఉత్తరంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, దాని మాటే లేదు. సోంపేటలో సర్కారు ఆసుపత్రి ఉంది, రేపు పొద్దున్నే వెళ్లి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చేయించుకోండి. తేడా వస్తే పలాస ఎంతో దూరం లేదు. 2023 డిసెంబర్లో అక్కడ రెండు వందల పడకలతో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. భయపెట్టడానికి కాదమ్మా, ఈ రెండు పరీక్షలు చూడకుండా కొత్త మందేదైనా వాడమని నేను చెప్పినా తప్పవుతుంది.

ఆ చేత్తోనే రక్తం ఇంకొంచెం ఎక్కువ తీయించి ఫెరిటిన్, సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పేది), దాంతో వచ్చే, అందులో ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, బి12, థైరాయిడ్, షుగర్, కాల్షియం, విటమిన్ డి అడగండి. ఫెరిటిన్ అన్ని ల్యాబుల్లో చెయ్యరు, శాంపిల్ తీసి శ్రీకాకుళమో విశాఖో పంపిస్తారు. పొద్దున్న ఏమీ తినకుండా ఇవ్వండి. జలుబో జ్వరమో ఉన్న వారంలో ఇవ్వకండి, ఫెరిటిన్ మళ్లీ అబద్ధం చెబుతుంది. సాచురేషన్ అడగమన్నది కూడా అందుకే. లోపల మంట ఉండి ఫెరిటిన్ దొంగ లెక్క చూపించినా, సాచురేషన్ ఇరవై శాతానికి తగ్గితే ఐరన్ లేదని బయటపడుతుంది.

ఇప్పుడు సంచీ విప్పుదాం. మీరు అడిగినట్టు కాళ్లకీ నీరసానికీ కలిపి పనిచేసే ఒక్క సప్లిమెంట్ పేరు నేను చెప్పలేను. లాంగ్ కోవిడ్‌ని నయం చేస్తుందని రుజువైన విటమిన్ గానీ పొడి గానీ ఇప్పటిదాకా లేదు. కోక్యూ10 అని ఖరీదైన మాత్ర ఒకటుంది, మీ ఆడపడుచు ఇంకా కనిపెట్టినట్టు లేదు. డెన్మార్క్‌లో లాంగ్ కోవిడ్ వాళ్లకి దాన్నీ, ఉత్తుత్తి మాత్రనీ మార్చి మార్చి ఇచ్చి చూశారు, తేడా కనిపించలేదు. జింకు, విటమిన్ సి అయితే కోవిడ్ ఉన్న రోజుల్లోనే పెద్దగా పనిచెయ్యలేదు. 2021లో అమెరికాలో రెండు వందల పైచిలుకు మందికి ఎక్కువ మోతాదుల్లో ఇచ్చి చూసి తేల్చిన సంగతి అది.

పనిచెయ్యకపోతే పోనీ, నష్టమేముంది అంటారు చాలామంది. జింకుతో నష్టముంది. కోవిడ్ రోజుల్లో అందరికీ రాసినది 50 మిల్లీగ్రాముల మాత్ర. పెద్దవాళ్లకి రోజుకి 40 దాటకూడదు. ఏళ్ల తరబడి వాడితే అది ఒంట్లోకి రాగి చేరకుండా అడ్డుకుంటుంది. రాగి తగ్గితే రక్తం తగ్గుతుంది, కాళ్లు మొద్దుబారతాయి. ఏ బాధ పోవాలని వేసుకుంటున్నారో ఆ బాధే తెచ్చిపెట్టే మాత్ర. ఇవాళే ఆపేయండి.

వారానికి 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా అంతే. లోపం ఉంటే మామూలుగా ఎనిమిది వారాలు ఇచ్చి, తర్వాత మోతాదు తగ్గిస్తాం. మీరు ఎన్నేళ్లుగా వాడుతున్నారో రాయలేదు. కొందరు రాసిచ్చిన డాక్టర్ బదిలీ అయిపోయినా వాడుతూనే ఉంటారు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. పరీక్ష వచ్చేదాకా ఆపండి.

బి కాంప్లెక్స్, మల్టీవిటమిన్ రెండు డబ్బాలూ తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదవండి. పిరిడాక్సిన్ అని ఉంటుంది, అదే బి6. రెండిట్లో కలిపి ఎంతవుతోందో కూడండి. రెండో మూడో మిల్లీగ్రాములైతే పర్వాలేదు. రోజుకి వంద దాకా చాలాకాలం వాడితే ఆ విటమినే అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు పొడిచినట్టు ఉండడం తెస్తుంది. బి12 లోపం ఉందని తేలితే దానికి విడిగా మందు ఉంది. గేస్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది కాబట్టి మీకు అది చూడాల్సిందే.

అశ్వగంధ, తిప్పతీగ మన పెరటి మందులే కదా అంటారు. తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న రోగుల గురించి కోవిడ్ కాలంలోనే మన దేశపు డాక్టర్లు పత్రికల్లో రాశారు. అశ్వగంధ మీదా అలాంటి కేసులున్నాయి, అది థైరాయిడ్‌ని కూడా కదుపుతుంది. నీరసంతో ఉన్న మనిషికి లివర్ గొడవ కూడా తెచ్చిపెట్టడం నాకు ఇష్టం లేదు.

మిగిలింది మెగ్నీషియం. దీని మీద నాకు కోపం లేదు. కాళ్లకి పనిచేస్తుందని గట్టి రుజువు లేదు గానీ కొందరికి హాయిగా ఉందంటారు. గేస్ మాత్రలు చాలాకాలం వాడితే ఒంట్లో మెగ్నీషియం తగ్గే మాట కూడా నిజమే. కిడ్నీలు బాగున్నాయని తేలితే రాత్రి ఒకటి వేసుకోండి, విరేచనాలైతే తగ్గించండి. కిడ్నీలు బాగులేకపోతే మాత్రం అస్సలు వద్దు. బయటికి పోవాల్సిన మెగ్నీషియం ఒంట్లోనే పేరుకుపోతుంది.

ఆ నిద్ర మాత్ర ఏమిటో రాయలేదు. షాపులో నిద్రకని చేతిలో పెట్టే చిన్న మాత్ర చాలాసార్లు జలుబుకో దురదకో వాడే మత్తు మాత్రే, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటిది. రెస్ట్‌లెస్ లెగ్స్ వాళ్లకి ఇవి పడవు. కళ్లు మూతలు పడుతుంటాయి, కాళ్లు లేచి నడవమంటుంటాయి, అంతకంటే నరకం లేదు. స్ట్రిప్పు మీద పేరు చూసి ఆ కోవలోదైతే మానేయండి. ఒళ్లునొప్పులకని ఏ డాక్టరైనా అమిట్రిప్టిలిన్ రాసినా, దిగులుకని ఎస్సిటలోప్రాం రాసినా అవీ కాళ్లని రెచ్చగొట్టొచ్చు. కానీ అలాంటివి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు, రాసిన వారికి ఈ కాళ్ల సంగతి చెప్పి మార్పించుకోవాలి.

ఐరన్ తక్కువని తేలిందనుకుందాం. నేనైతే అదే తేలుతుందనుకుంటున్నాను. పెద్ద డబ్బాలు కొనక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, దానికి తోడు ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. వేసుకునే పద్ధతి ముఖ్యం. రోజు విడిచి రోజు ఒకటి చాలు. ఒక మాత్ర పడగానే శరీరం హెప్సిడిన్ అనే కాపలావాణ్ని గుమ్మంలో నిలబెడుతుంది, మర్నాడు వేసిన మాత్రని వాడు సరిగా లోపలికి రానివ్వడు. ఒక రోజు ఆగితే కాపలా సడలుతుంది, కడుపునొప్పీ మలబద్ధకమూ కూడా తగ్గుతాయి. పరగడుపున నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోండి. కడుపులో తిప్పితే రెండు ముద్దలు తిన్నాక వేసుకోండి, ఎంతో కొంత తగ్గినా అసలు మానేసేకంటే నయం. టీ మాత్రం గంటన్నర అటు, గంటన్నర ఇటు వద్దు. మీ ఉత్తరంలో టీ మాట లేదు గానీ జాకెట్లు కుట్టే ఇంట్లో ఎన్నిసార్లు టీ పెడతారో నాకు తెలుసు. కాల్షియం, మెగ్నీషియం ఐరన్‌తో కలపకండి. విరేచనం నల్లగా అయితే కంగారు పడకండి, అది ఐరన్ రంగే. గేస్ మాత్ర నిజంగా అవసరమా, మెల్లగా తగ్గించొచ్చా అన్నది డాక్టర్ని అడగండి.

రెండు వారాల్లో ఫలితం చూడకండి. గాదె నిండాలి, మెదడు దాకా చేరాలి, మూడు నెలలు పడుతుంది. అప్పుడు మళ్లీ ఫెరిటిన్ చూడాలి. మాత్రలు పడకపోయినా, మూడు నెలలకీ గాదె నిండకపోయినా సెలైన్ లాగా నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, ఆసుపత్రిలో చేయించుకోవాలి. అయితే పరీక్ష లేకుండా ఐరన్ మింగకూడదు. తలసేమియా తాలూకు రక్తం ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ తక్కువుంటుంది, ఐరన్ నిండుగానే ఉండొచ్చు, అలాంటప్పుడు ఇది హాని చేస్తుంది. ఇంకోటి, నెలసరి సంగతి ఆడ డాక్టర్‌కి చూపించకుండా ఐరన్ ఒక్కటే వాడడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఈ వయసులో ఇదంతా మామూలే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మునగాకు, తోటకూర, నువ్వులు, చోళ్లు (రాగులు) తినండి. తింటూ నిమ్మకాయ పిండుకోండి. ఐరన్ బాగా పట్టేది మాంసంలోంచి, చేపల్లోంచి. వారానికోసారి మేక కార్జం కట్టల కొద్దీ ఆకుకూరకి సాటి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, కిడ్నీ రిపోర్టు చూశాక మాట్లాడుకుందాం. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉంటుంది గానీ దాంట్లో చెప్పుకోదగ్గ ఐరన్ లేదు. రంగు చూసి రక్తం అనుకున్నది మనమే.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న మీరు అడగలేదు. కాళ్లు నడవమంటాయి, లాంగ్ కోవిడ్ నడవొద్దంటుంది. రెండు జబ్బులూ ఒకే ఒంట్లో చేరి చెరో వైపు లాగుతుంటే ఎవరి మాట వినాలి? చాలామంది డాక్టర్లు ఒక వైపే చూస్తారు. కాళ్ల డాక్టర్ బాగా నడవండి అంటాడు, నడిచి మూడో రోజు పడకేస్తారు. ఇంకొకాయన పూర్తి విశ్రాంతి అంటాడు, పడుకోగానే కాళ్లు మొదలు.

మహేంద్రతనయ నది ఇసకలో ఎండాకాలం చెలమ తవ్వుతారు కదా. నెమ్మదిగా ఊరిన కొద్దీ కొబ్బరి చిప్పతో తోడుకుంటే రోజంతా తేట నీళ్లొస్తాయి. ఒకేసారి బిందె ముంచితే బురద లేస్తుంది, అది తేరుకునేసరికి మర్నాడవుతుంది. మీ ఒంట్లో శక్తి ఇప్పుడు ఆ చెలమే. పండగ ముందు రెండు రోజుల కుట్టు, మూడో రోజు మంచం, అది బురద లేవడం. శ్రమ చేసిన రోజున తెలియదు, ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బ కొడుతుంది. అందుకే మీకు లెక్క తప్పుతోంది. రోజుకి నాలుగు జాకెట్లు కుట్టగలిగితే మూడే ఒప్పుకోండి. ఇరవై నిమిషాలు కుట్టి, అలుపు రాకముందే పది నిమిషాలు వెనక్కి వాలండి. అలుపు వచ్చాక వాలితే ఆలస్యమైనట్టే. బాగున్న రోజున ఉత్సాహం వచ్చి బకాయిలన్నీ తీర్చెయ్యాలనిపిస్తుంది, ఆ రోజునే మరీ జాగ్రత్త.

రాత్రి రెండింటి దాకా వరండాలో నడక కూడా బిందె ముంచడమే. ఒళ్లు కదలకుండా పిక్కలకి మాత్రం పని చెప్పే మార్గాలు చూద్దాం. మోటారు ఉండనివ్వండి, పగటి కుట్టుకి అదే మంచిది. సాయంత్రం ఏడింటికి మాత్రం మిషన్ బెల్టు జారవిడిచి, కుర్చీలో వెనక్కి వాలి, పది పదిహేను నిమిషాలు పెడల్ ఖాళీగా ఊపండి. బరువు ఉండదు, ఆయాసం రాదు. మీ కాళ్లకి ముప్పై ఏళ్ల అలవాటున్న కదలిక అది. తర్వాత బకెట్లో గోరువెచ్చని నీళ్లలో పిక్కల దాకా కాళ్లు పెట్టుకోండి. కొందరికి చన్నీళ్లు పడతాయి, ఏది హాయిగా ఉంటే అదే. కొబ్బరినూనె రాసి కింద నుంచి పైకి గట్టిగా రుద్దండి. మా అమ్మ కట్టుకున్నట్టు గుడ్డ చుట్టుకోవడానికీ నేను వద్దనను, పాదం చల్లబడేంత బిగించకుండా ఉంటే చాలు. మంచం మీద కూర్చుని పాదం మునివేళ్లని మీ వైపు లాక్కుని ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలండి. బుర్రకి పని ఉన్నప్పుడు కూడా కాళ్లు ఊరుకుంటాయి. కొక్కేలు కుట్టడమో, మనవరాలితో అష్టాచెమ్మో ఆ గంటకి అట్టేపెట్టుకోండి. టీవీకి అంత బలం లేదు.

ఈ జబ్బు తెల్లవారుజాముకి చల్లబడుతుంది. మీలాంటి వాళ్లకి మంచి నిద్ర దొరికేది మూడు నుంచి ఏడు దాకానే. ఆ నిద్ర మిమ్మల్ని పోనివ్వమని ఇంట్లో చెప్పండి. కోడి కూయకముందే లేచి కళ్లాపి చల్లకపోతే ఇల్లు పాడైపోదు. పొద్దున్న కళ్లాపి ఇంకొకరు చల్లుతారు, మీకు పట్టిన ఆ నాలుగు గంటల నిద్ర మాత్రం ఇంకొకరు తెచ్చివ్వలేరు.

ఇవన్నీ చేసినా, ఐరన్ నిండినా కాళ్లు ఆగకపోతే మందులున్నాయి. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ లాంటివి. కళ్లు తిరగొచ్చు, కిడ్నీలని బట్టి మోతాదు తగ్గించాలి, కాబట్టి న్యూరాలజిస్టు చెప్తేనే. ఇంకో రకం, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనేవి, మొదటి వారంలోనే మంత్రమేసినట్టు పనిచేస్తాయి. ఏడాదో రెండేళ్లో గడిచాక కొందరిలో బాధ ఇంకా ముందు వేళకే మొదలై, కాళ్లనుంచి చేతులకీ పాకేలా చేస్తాయి. అందుకే ఇప్పుడు మొదటి మందుగా వాటిని రాయడం తగ్గింది. షాపులో ఎవరైనా వాటిని చేతిలో పెడితే తీసుకోకండి. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా మీ ప్రాంతంలో మీరు కొనుక్కోకూడదు, అవి కిడ్నీలకి శత్రువులు.

ఒక్క కాలే వాచి, పిక్క ముట్టుకుంటే నొప్పి పెడితే గానీ, ఆయాసం ఉన్నట్టుండి పెరిగితే గానీ ఇదంతా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మీ నెల ఖర్చు రెండు వేలన్నారు. ఈ నెల ఆ డబ్బు పరీక్షలకి పెట్టండి, వచ్చే నెల నుంచి చాలామటుకు మిగులుతుంది. రిపోర్టు రాగానే ఫెరిటిన్, సాచురేషన్, క్రియాటినిన్ మూడు నంబర్లూ, ఆ నిద్ర మాత్ర పేరూ, విటమిన్ డి ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాసి పంపండి. బెల్టు తీసేసి ఖాళీ పెడల్ తొక్కిన రోజుల్లో రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టిందో కూడా ఒక వారం పాటు కేలండర్ మీద రాయండి. అది పనిచేస్తే ఇక్కడ మిషన్ కుట్టే ఇంకో ఇద్దరికి చెప్పాలి.